మందు మత్తా, మతిమరుపా?

చిరంజీవులకు ఆశీస్సులు.

ఫిట్స్‌కి తాతయ్య ఏళ్లుగా వేసుకుంటున్న గార్డినాల్ బిళ్ళే మతిమరుపు తెచ్చిందా అని అడిగారు. అడగాల్సిన ప్రశ్నే.

ఆ బిళ్ళలో ఉండేది ఫినోబార్బిటాల్. 1912 నుంచీ వాడుకలో ఉన్న మందు, మెదడును నెమ్మదింపజేసే బార్బిచ్యురేట్ల జాతిది. మెదడు కణాల వేగాన్ని తగ్గించేది గాబా అనే రసాయనం. అది కణం తలుపు తీస్తే క్లోరైడ్ లోపలికి పోయి కణం నెమ్మదిస్తుంది. ఈ మందు ఆ తలుపును ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. మోతాదు బాగా పెరిగితే గాబా లేకపోయినా తనే తీసేస్తుంది. అప్పుడు ఊపిరికే ముప్పు. 1960లలో కొత్త మందులొచ్చాక నిద్ర కోసం దీన్ని ఇవ్వడం తగ్గింది అందుకే.

అసలు చిక్కు లెక్కలో ఉంది. వేసిన మందులో సగం ఒంట్లోంచి పోవడానికే మూడు నాలుగు రోజులు. నాలుగు రోజులనుకుని రోజుకు 60 మి.గ్రా. వేస్తూ పోతే, చివరికి దాదాపు ఆరు రోజుల మందు ఒంట్లో పోగై ఉంటుంది. అలా నిలకడకు రావడానికి రెండు మూడు వారాలు. ఉదాహరణకు, మోతాదు పెంచింది పోయిన నెల, తడబాటు మొదలైంది ఈ నెల. ఇంట్లోవాళ్ళు రెంటినీ కలిపి చూడరు, వయసు మీద పడిందనుకుంటారు. వయసుతో కాలేయం, కిడ్నీలు మందగిస్తే పోగు ఇంకా పెరుగుతుంది.

ఈ మందు బుద్ధిని మందగింపజేస్తుందనడానికి గట్టి ఆధారం పిల్లల్లో దొరికింది. జ్వరంతో ఫిట్స్ వచ్చే పసివాళ్లపై 1990లో అమెరికాలో వెలువడిన అధ్యయనంలో, రెండేళ్ల తర్వాత ఈ మందుకు కేటాయించినవాళ్ల ఐక్యూ ఉత్తుత్తి బిళ్ళ తీసుకున్నవాళ్లకన్నా సగటున 8.4 పాయింట్లు తక్కువ. అయితే అది డిమెన్షియా, అంటే మతి క్రమంగా క్షీణించే జబ్బు, కాదు. పెద్దవాళ్లలో తేల్చడం కష్టం: డిమెన్షియా బయటపడక ముందే నిద్ర చెడుతుంది, నిద్ర కోసం బిళ్ళ మొదలవుతుంది, తర్వాత నింద బిళ్ళ మీద పడుతుంది. పైగా ఫిట్స్‌కి పక్షవాతం కారణమైతే, అదే మతినీ దెబ్బతీసి ఉండొచ్చు.

తాతయ్య మందులన్నీ, ఏది ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు పెంచారు, తేదీలతో ఒక కాగితం మీద రాయండి. మతిమరుపుకిచ్చే డోనెపెజిల్ మందు కూడా వాడుతుంటే డాక్టరుకు తప్పక చెప్పండి. ఫినోబార్బిటాల్ కాలేయాన్ని ఉసిగొల్పి దాన్ని త్వరగా ఖర్చు చేయించగలదు. రక్తంలో మందు మట్టం చూసే పరీక్ష గురించి న్యూరాలజిస్టును అడగండి.

బిళ్ళ మాత్రం మీరు ఆపకండి. ఉన్నట్టుండి ఆపితే ఆగకుండా ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికే వస్తుంది. డాక్టరు తగ్గించినా మర్నాడే తేడా కోసం చూడొద్దు. ప్రతి మెట్టుకూ రెండు మూడు వారాలు ఆగి చూడండి.