ఆన్ కావట్లేదంటే ఫార్మాటేనా? కంప్యూటర్ స్టార్టప్ సమస్యలపై అపోహలు - వాస్తవాలు

రిపేరుకి వచ్చే కంప్యూటర్లలో చాలావాటి వెంట ఒక తీర్పు కూడా వస్తుంది. "విండోస్ పోయిందటండీ, ఫార్మాట్ కొట్టేయండి." చెప్పినవాళ్లు మంచి మనసుతోనే చెప్పి ఉంటారు. కానీ ఫార్మాట్ కొడితే సమస్య తీరుతుందో లేదో గానీ, ఏళ్ల తరబడి దాచుకున్న ఫొటోలు, లెక్కలు, సర్టిఫికెట్ల స్కాన్‌లు మాత్రం కచ్చితంగా పోతాయి. కంప్యూటర్ మళ్లీ కొనుక్కోవచ్చు, అవి కొనుక్కోలేం. అందుకే రోజూ వినే అపోహల్లో ముఖ్యమైనవి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఆన్ కావట్లేదు అంటే విండోస్ పాడైనట్టే.

"ఆన్ కావట్లేదు" అనే ఒక్క మాట కింద కనీసం ఐదు వేర్వేరు సమస్యలు ఉంటాయి. పవర్ బటన్ నొక్కగానే ముందు పనిచేసేది విండోస్ కాదు, మదర్‌బోర్డ్ చిప్‌లో ఉండే ఫర్మ్‌వేర్. పాతవాటిలో దాన్ని బయోస్ అంటాం, ఇప్పటివాటిలో యూఈఎఫ్ఐ. అది ప్రాసెసర్, ర్యామ్, డిస్‌ప్లే సరిగ్గా ఉన్నాయా అని చూసుకుంటుంది. తర్వాత ఏ డిస్క్ నుంచి బూట్ కావాలో, అంటే మొదలవ్వాలో వెతుకుతుంది. ఆ డిస్క్‌లోని బూట్‌లోడర్‌ని పిలుస్తుంది. బూట్‌లోడర్ విండోస్‌ని లేపుతుంది, విండోస్ డ్రైవర్లను (హార్డ్‌వేర్‌ని నడిపే చిన్న ప్రోగ్రాములను) లోడ్ చేసుకుని లాగిన్ స్క్రీన్ చూపిస్తుంది. ఈ వరుసలో బండి ఎక్కడ ఆగిందో చూడటమే మా పనిలో సగం.

లైటు లేదు, ఫ్యాన్ లేదు: అడాప్టర్, ఎస్ఎంపీఎస్ (డెస్క్‌టాప్‌కి కరెంటు అందించే డబ్బా), బ్యాటరీ వైపు చూడాలి. ఫ్యాన్ తిరుగుతోంది కానీ స్క్రీన్ నల్లగానే ఉంది: ఎక్కువసార్లు ర్యామ్ దగ్గరే దొరుకుతుంది. పవర్ కేబుల్ పీకి, ర్యామ్ తీసి మళ్లీ గట్టిగా కూర్చోబెట్టండి. రెండు ఉంటే ఒక్కొక్కటే పెట్టి చూడండి. కంపెనీ లోగో వచ్చి "నో బూటబుల్ డివైస్" అంటోంది: డిస్క్ కనబడటం లేదు, లేదా బూట్ ఆర్డర్ మారింది, లేదా బూట్ ఫైళ్లు పోయాయి. అన్నిటికంటే ముందు తగిలించి ఉన్న పెన్‌డ్రైవ్‌లన్నీ తీసి ఒకసారి చూడండి, ఒక్కోసారి అదే కారణం. చుక్కలు గుండ్రంగా తిరిగి నీలం తెర వస్తోంది: విండోస్ లేచింది, డ్రైవరో అప్‌డేటో హార్డ్‌వేరో అడ్డుపడింది. లాగిన్ అయ్యాక నల్ల తెర మీద మౌస్ బాణం ఒక్కటే కనబడుతోంది: గ్రాఫిక్స్ డ్రైవర్ లేదా యూజర్ ప్రొఫైల్.

మొదటి రెండు దశల్లో కంప్యూటర్ డిస్క్‌ని ఇంకా చదవనే లేదు. అక్కడ విండోస్ మళ్లీ వేసి ఏం లాభం?

డెస్క్‌టాప్ ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంటే మదర్‌బోర్డ్ మీదున్న సీఆర్2032 అనే నాణెం లాంటి 3 వోల్టుల బ్యాటరీ అయిపోయినట్టే. దాంతో పాటు బయోస్ సెట్టింగ్‌లు మొదటికి వచ్చి, నిన్నటిదాకా బాగానే బూట్ అయిన సిస్టమ్ ఇవాళ డిస్క్ లేదంటుంది. బ్యాటరీ మార్చి, సెట్టింగ్‌లు సరిచేస్తే సరిపోతుంది.

అపోహ: నీలం తెర, రిపేర్ లూప్ (రిపేర్ అంటూ మళ్లీ మళ్లీ అక్కడికే రావడం) వస్తే ఫార్మాట్ తప్ప దారి లేదు.

2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో తప్పు దొర్లి ప్రపంచమంతా కంప్యూటర్లు నీలం తెర మీద ఆగిపోయాయి. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం దాదాపు 85 లక్షల యంత్రాలు. చాలావాటికి మందు ఏమిటంటే, సేఫ్ మోడ్‌లోకి (తప్పనిసరి డ్రైవర్లతో మాత్రమే విండోస్ లేచే పద్ధతిలోకి) వెళ్లి ఒక ఫైల్ డిలీట్ చేయడం. ఇంట్లో వచ్చే నీలం తెరల్లోనూ ఇలా ఒక్క డ్రైవర్‌తోనో, ఒక్క అప్‌డేట్‌తోనో తేలిపోయేవి బోలెడు.

విండోస్ వరుసగా రెండుసార్లు బూట్ కాలేకపోతే, ఆ తర్వాత తనంతట తానే రికవరీ స్క్రీన్ చూపిస్తుంది. అలా రాకపోతే ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, ఇన్‌స్టాల్ బదులు రిపేర్ అనే ఆప్షన్ ఎంచుకోవాలి. నేను వెళ్లే వరుస ఇది: స్టార్టప్ రిపేర్ ఒక్కసారి, పదిసార్లు కాదు. తర్వాత కొత్తగా వచ్చిన అప్‌డేట్ తీసేయడం. తర్వాత సిస్టమ్ రీస్టోర్, అంటే విండోస్‌ని పాత తేదీనాటి స్థితికి తిప్పడం. తర్వాత సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఈమధ్య వేసిన డ్రైవర్‌నో యాంటీవైరస్‌నో తొలగించడం. ఇవన్నీ అయ్యాకే రీసెట్. అందులోనూ "కీప్ మై ఫైల్స్" ఎంచుకుంటే మీ ఫైళ్లు ఉంటాయి, వేసుకున్న ప్రోగ్రాములు పోతాయి.

విండోస్ లేవకపోయినా ఫైళ్లు బయటికి తీయొచ్చని చాలామందికి తెలియదు. రికవరీ స్క్రీన్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి నోట్‌ప్యాడ్ అని ఇంగ్లిష్‌లో టైప్ చేసి ఎంటర్ కొట్టండి. ఫైల్ మెనూలో ఓపెన్ నొక్కి, కింద "ఆల్ ఫైల్స్" ఎంచుకుంటే డ్రైవ్‌లన్నీ కనిపిస్తాయి. కావలసిన ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి కాపీ, పెన్‌డ్రైవ్‌లో పేస్ట్. కాపీ ఎంతవరకు వచ్చిందో ఇక్కడ కనబడదు కాబట్టి ఓపిక పట్టాలి. డేటా ఎక్కువ ఉంటే లినక్స్ లైవ్ పెన్‌డ్రైవ్‌తో (ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిచే లినక్స్‌తో) బూట్ చేసి కాపీ చేసుకోవడం తేలిక. ఏ రిపేర్ మొదలుపెట్టినా ఈ పని దానికంటే ముందే జరగాలి.

అపోహ: చెక్‌డిస్క్ నడిపితే డిస్క్ బాగవుతుంది.

చెక్‌డిస్క్ సరిచేసేది డిస్క్ మీదున్న ఫైళ్ల అమరికని. అరిగిపోయిన హార్డ్ డిస్క్‌ని అది బాగుచేయలేదు. పైగా చావుబతుకుల్లో ఉన్న డిస్క్‌ని గంటల తరబడి మొత్తం చదివిస్తే మిగిలిన ప్రాణం కూడా పోవచ్చు. ముందు స్మార్ట్ రిపోర్ట్, అంటే డిస్క్ తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే లెక్క చూడండి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి ఉచిత ప్రోగ్రాముల్లో అది తేలిగ్గా కనబడుతుంది. రీఅలొకేటెడ్, పెండింగ్ సెక్టార్లు (పాడైన, పాడవుతున్నట్టు అనుమానం ఉన్న చోట్లు) పెరుగుతుంటే ముందు డేటా కాపీ, ఆ తర్వాతే మిగతావి. డిస్క్ నుంచి టక్ టక్ మని శబ్దం వస్తుంటే వెంటనే పవర్ ఆపేయండి. అందులో ముఖ్యమైన డేటా ఉంటే ఇంట్లో ఇక ఏ ప్రయోగమూ చేయకండి, డేటా రికవరీ చేసేవాళ్లకు ఇవ్వండి.

ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని కొత్త రకం డిస్క్) అయితే ఇలాంటి శబ్దాలేవీ ఉండవు, ఒకరోజు చెప్పాపెట్టకుండా బయోస్‌లోంచే మాయమవ్వచ్చు. ఎస్ఎస్‌డీలో ఫార్మాట్ చేశాక డేటా తిరిగి తెచ్చుకోవడం కూడా చాలా కష్టం, ఎందుకంటే ట్రిమ్ అనే ఏర్పాటు ఖాళీ అయిన చోటంతా ఎప్పటికప్పుడు తుడిచేస్తుంటుంది. "ఫార్మాట్ చేసినా సాఫ్ట్‌వేర్‌తో తెచ్చుకోవచ్చు" అనే ధైర్యం పాత హార్డ్ డిస్క్‌ల కాలం నాటిది.

అపోహ: ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డిస్క్ కనబడకపోతే డిస్క్ చచ్చిపోయినట్టే.

ఇంటెల్ 11వ తరం, ఆ తర్వాతి ప్రాసెసర్లు ఉన్న ల్యాప్‌టాప్‌లలో ఇది మామూలు సంగతి. వాటిలో డిస్క్‌లను నిర్వహించే వీఎండీ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే, విండోస్ ఇన్‌స్టాలర్ దగ్గర దానికి తగిన డ్రైవర్ లేక డిస్క్‌ల జాబితా ఖాళీగా చూపిస్తుంది. బయోస్‌లో డిస్క్ పేరు కనబడుతోందా? అయితే అది బతికే ఉంది. ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి ఇంటెల్ రాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ తెచ్చి, పెన్‌డ్రైవ్‌లో విడదీసి పెట్టుకుని, అదే స్క్రీన్‌లో ఉండే "లోడ్ డ్రైవర్" నొక్కితే డిస్క్ ప్రత్యక్షమవుతుంది.

వీఎండీనే ఆపేయమని కూడా కొందరు చెబుతారు. డిస్క్ ఖాళీగా ఉంటే పర్వాలేదు. అందులో ముందే పనిచేస్తున్న విండోస్ ఉంటే మాత్రం ఆ మార్పు తర్వాత అది "ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్" అని నీలం తెర వేసే అవకాశం ఎక్కువ. అలా వస్తే కంగారుపడి ఫార్మాట్ చేయొద్దు, సెట్టింగ్ మళ్లీ పాతదానికి మార్చి చూడండి.

అపోహ: "ఎంబీఆర్ పార్టిషన్ టేబుల్ ఉంది, ఇన్‌స్టాల్ చేయలేం" అంటే పార్టిషన్లన్నీ డిలీట్ చేయాలి.

వీడియోల్లో చూసి ఇదే చేసేసి, డి డ్రైవ్ కూడా పోగొట్టుకుని వచ్చేవాళ్లను చూస్తే నిజంగా బాధేస్తుంది. సంగతి చిన్నది. ఎంబీఆర్, జీపీటీ అనేవి డిస్క్‌ని పార్టిషన్లుగా (భాగాలుగా) విడగొట్టిన లెక్క రాసుకునే పాత, కొత్త పద్ధతులు. లెగసీ అంటే పాత బయోస్ పద్ధతి. యూఈఎఫ్ఐ పద్ధతిలో బూట్ అయిన ఇన్‌స్టాలర్ జీపీటీ డిస్క్ అడుగుతుంది, లెగసీ పద్ధతిలో బూట్ అయినది ఎంబీఆర్ అడుగుతుంది. బూట్ మెనూలో ఒకే పెన్‌డ్రైవ్ రెండుసార్లు, ఒకటి ముందు యూఈఎఫ్ఐ అని ఉండి, కనబడటం గమనించే ఉంటారు. డిస్క్ జీపీటీ అయి ఉండీ ఇలాంటి మెసేజ్ వస్తే, వెనక్కి వెళ్లి యూఈఎఫ్ఐ అని ఉన్నది ఎంచుకుంటే చాలు.

డిస్క్ నిజంగానే ఎంబీఆర్ అయితే, విండోస్ 10లో 2017 నుంచీ ఎంబీఆర్2జీపీటీ అనే సాధనం ఉంది. డేటా చెరపకుండా డిస్క్‌ని మారుస్తుంది. బ్యాకప్ మాత్రం తీసుకునే మొదలుపెట్టండి. మార్చాక బయోస్‌లో కూడా లెగసీ నుంచి యూఈఎఫ్ఐకి మార్చాలి, లేకపోతే బూట్ కాదు.

రెండు డిస్క్‌లు ఉన్నవాళ్లకు ఒక జాగ్రత్త. కొత్త ఎస్ఎస్‌డీ మీద విండోస్ వేసేటప్పుడు పాత హార్డ్ డిస్క్ కూడా తగిలించి ఉంటే, బూట్ ఫైళ్లు ఆ పాత డిస్క్‌లో ఉన్న ఈఎఫ్ఐ పార్టిషన్‌లోకి (బూట్ ఫైళ్ల కోసం ఉంచే చిన్న భాగంలోకి) వెళ్లిపోవచ్చు. నెలల తర్వాత పాత డిస్క్ తీసేస్తారు, అంతే, సిస్టమ్ లేవదు. విండోస్ వేసేటప్పుడు మిగతా డిస్క్‌ల కేబుళ్లు తీసి ఉంచడం మంచిది. ఇప్పటికే అలా జరిగి ఉంటే కొత్త డిస్క్‌లో చిన్న ఈఎఫ్ఐ పార్టిషన్ చేసి, బీసీడీబూట్ కమాండ్‌తో బూట్ ఫైళ్లు మళ్లీ రాయించవచ్చు. మీ డేటా జోలికి అది పోదు. ఇంటర్నెట్ నిండా చెప్పే బూట్‌రెక్ కమాండ్‌లోని ఫిక్స్‌ఎంబీఆర్ పాత ఎంబీఆర్ పద్ధతికి చెందినది, యూఈఎఫ్ఐ సిస్టమ్‌లో ఫిక్స్‌ఎంబీఆర్ వల్ల ఒరిగేదేమీ లేదు.

అపోహ: సెక్యూర్ బూట్, టీపీఎం ఆఫ్ చేసి చూస్తే పోయేదేమీ లేదు.

పోవచ్చు, అన్నీ పోవచ్చు. సెక్యూర్ బూట్ అంటే నమ్మకమైన బూట్‌లోడర్‌నే మొదలవ్వనిచ్చే ఏర్పాటు, టీపీఎం అంటే తాళాలు దాచే భద్రతా చిప్. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయిన చాలా కొత్త ల్యాప్‌టాప్‌లలో మీరు ప్రత్యేకంగా అడగకుండానే డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఆన్ అయి ఉంటుంది. దాని తాళం టీపీఎం దగ్గర ఉంటుంది. సెక్యూర్ బూట్ మార్చినా, టీపీఎం క్లియర్ చేసినా, మదర్‌బోర్డ్ మార్చినా, ఒక్కోసారి బయోస్ అప్‌డేట్ చేసినా 48 అంకెల బిట్‌లాకర్ (విండోస్ ఎన్‌క్రిప్షన్) రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే ఏ టెక్నీషియనూ ఆ డేటా తీయలేడు, మాలో ఎంత అనుభవం ఉన్నవాళ్లయినా సరే. కంప్యూటర్ బాగున్న రోజే మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్లి ఆ కీ ఉందో లేదో చూసుకోండి, కాగితం మీద రాసి దాచుకోండి. ఇప్పటికే కీ అడుగుతూ ఉంటే టెన్షన్ పడి రీసెట్ నొక్కకండి. ఇంట్లో ఎవరి అకౌంట్‌తో మొదట సెటప్ చేశారో గుర్తు తెచ్చుకుని, ఫోన్‌లో ఆ అకౌంట్ తెరిచి వెతకండి.

అపోహ: విండోస్ 11కి ఈ కంప్యూటర్ సరిపోదని మెసేజ్ వచ్చిందంటే కొత్త కంప్యూటర్ కొనాల్సిందే.

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి ఈ ప్రశ్న ఇప్పుడు ఎక్కువైంది. ఇంటెల్ 8వ తరం కంటే పాత ప్రాసెసర్లలో చాలావరకు ఆ మెసేజ్ నిజమే. కానీ అంతకంటే కొత్తదై ఉండి టీపీఎం లేదంటే, ముందు బయోస్‌లో చూడండి. ఇంటెల్‌లో పీటీటీ, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం అనే పేరుతో ఉంటుంది. డెస్క్‌టాప్ మదర్‌బోర్డుల్లో అది ఆఫ్ చేసి ఉండటం తరచూ చూస్తుంటాను.

అపోహ: షట్‌డౌన్ చేసి ఆన్ చేస్తే రీస్టార్ట్ చేసినట్టే.

కాదు. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ ఉంది. అది ఆన్‌లో ఉన్నప్పుడు షట్‌డౌన్ చేస్తే విండోస్ లోపలి భాగాన్ని డిస్క్‌లో దాచి, మళ్లీ అక్కడి నుంచే లేస్తుంది. రీస్టార్ట్ చేస్తేనే పూర్తిగా కొత్తగా మొదలవుతుంది.

అపోహ: లినక్స్ పక్కన విండోస్ మళ్లీ వేస్తే లినక్స్ చెరిగిపోతుంది.

దాని పార్టిషన్ మీదే వేస్తే తప్ప చెరగదు. యూఈఎఫ్ఐ సిస్టమ్‌లో విండోస్ తన బూట్‌లోడర్‌ని ముందు వరుసలోకి తెచ్చుకుంటుంది, అంతే. బయోస్‌లో బూట్ ఆర్డర్ మారిస్తే చాలాసార్లు గ్రబ్ (లినక్స్ బూట్‌లోడర్) మెనూ తిరిగి వచ్చేస్తుంది.

అపోహ: ప్రొడక్ట్ కీ కాగితం పోయింది కాబట్టి మళ్లీ విండోస్ వేసుకోలేం.

విండోస్ 8 కాలం నుంచీ విండోస్‌తో పాటు అమ్మిన ల్యాప్‌టాప్‌లలో కీ సాధారణంగా మదర్‌బోర్డ్ ఫర్మ్‌వేర్‌లోనే ఉంటుంది. విండోస్ 10, 11లో లైసెన్స్ చాలావరకు డిజిటల్‌గా ఆ హార్డ్‌వేర్‌కే ముడిపడి ఉంటుంది. ఇన్‌స్టాలర్ కీ అడిగినప్పుడు "ఐ డోంట్ హ్యావ్ ఎ ప్రొడక్ట్ కీ" నొక్కి, ఇంతకుముందున్న ఎడిషన్‌నే ఎంచుకోండి. ఇంటర్నెట్ కనెక్ట్ అవగానే తనే యాక్టివేట్ అవుతుంది. హోమ్ ఉన్నచోట ప్రో వేస్తే మాత్రం కాదు.