రోజూ తిరిగే కారు ట్రాక్ ఎక్కితే: షెడ్డులో వినే అపోహలు, నేను చూసిన వాస్తవాలు

సంక్రాంతికి ఊరొచ్చిన కుర్రాళ్ళలో ఇద్దరు ముగ్గురైనా ప్రతి ఏడూ మా షెడ్డుకి వస్తారు. బెంగళూరులోనో చెన్నైలోనో ఉద్యోగం, మూడు నాలుగేళ్ళు తిరిగిన స్విఫ్టో పోలోనో ఐ20నో, ఫోన్లో నాలుగు వీడియోలు. "బాబాయ్, వచ్చే నెల ట్రాక్ డే బుక్ చేశాను, ఏటి మార్చాలి?" అంటారు. ట్రాక్ డే అంటే డబ్బు కట్టి మన సొంత బండిని రేసు ట్రాక్ మీద తిప్పుకునే రోజు. అడగడం వరకే గానీ, ఏం మార్చాలో వాళ్ళు ముందే రాసుకొచ్చేస్తారు. సైలెన్సరు, ఫిల్టరు, రీమ్యాపు (ఇంజిను కంప్యూటర్ లెక్కలు మార్చి పవర్ పెంచడం), పెద్ద వీల్స్, బండిని కిందకి దించే స్ప్రింగులు. బ్రేక్ ఆయిల్ అన్న మాట ఆ చీటీలో నాకు ఒక్కసారి కూడా కనబడలేదు.

నాది విజయనగరంలో చిన్న మెకానిక్ షెడ్డు. నేను రేసర్ని కాదు. కుర్రాళ్ళ బండ్లతో పాటు నా సొంత బండి కూడా తీసుకుని చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి కొన్నిసార్లు వెళ్ళొచ్చాను, అంతే. 1990లో మొదలైన ట్రాక్ అది, ఒక రౌండు 3.717 కిలోమీటర్లు. మనకి అక్కడికి ఎనిమిది వందల పైచిలుకు కిలోమీటర్లు. వీడియోలు చేసేవాళ్ళు బండిని ట్రక్కు మీద ఎక్కించుకెళ్తారు. మనం ఆ బండిలోనే వెళ్ళి, దాన్నే తిప్పి, మళ్ళీ దాన్లోనే ఇంటికి రావాలి, సోమవారం దాన్లోనే ఆఫీసుకి పోవాలి. నేను కింద రాసినదంతా ఈ లెక్కలోనే.

అపోహ: "ముందు పవర్ పెంచాలి బాబాయ్, తర్వాత మిగతావి."

కోయంబత్తూరు ట్రాక్‌కి కరి మోటార్ స్పీడ్‌వే అని పేరు. ఆ పేరు కరివర్ధన్‌ది. ఆయన 796 సీసీ మారుతి 800 ఇంజిన్ పెట్టి ఫార్ములా మారుతి అనే రేసు కార్లు తయారు చేశాడు. ఫార్ములా వన్ దాకా వెళ్ళిన నారాయణ్ కార్తికేయన్ లాంటివాడు రేసింగ్‌లో ఓనమాలు దిద్దుకున్నది ఆ బండ్ల మీదే. అవి తేలికైన ఒంటి సీటు బండ్లు, మన కారుతో పోల్చకూడదంటే ఒప్పుకుంటాను. కానీ నేర్చుకునేవాడికి పవర్ తక్కువైందని మాత్రం అనకండి. మొదటి ట్రాక్ డేకి వచ్చిన వాడెవడూ తన బండిలో ఉన్న పవర్‌నే పూర్తిగా వాడుకోవడం నేను చూళ్ళేదు.

టర్బో లేని పెట్రోలు ఇంజినుకి రీమ్యాప్ చేస్తే వచ్చేది సీట్లో కూర్చున్నవాడికి తెలిస్తే గొప్ప. టర్బో బండికి నిజంగానే వస్తుంది, కాకపోతే దాంతో పాటు వేడీ వస్తుంది, ఆ వేడిని మోసే రేడియేటరూ క్లచ్చూ బ్రేకులూ పాతవే. సైలెన్సరు మారిస్తే పెరిగేది చప్పుడు. బానెట్ కింద డబ్బా లేని ఓపెన్ ఫిల్టరు పెడితే అది ఇంజిను పక్కనున్న వేడి గాలినే పీలుస్తుంది, వేడి గాలి పల్చగా ఉంటుంది, కాబట్టి డబ్బులిచ్చి మరీ పికప్ తగ్గించుకున్నట్టు. కంపెనీ వాడు ఆ నల్ల డబ్బా పెట్టి, గొట్టాన్ని ముందు గ్రిల్లు దాకా లాగింది ఊరికే కాదు.

అపోహ: "బ్రేకులు బాగానే పడుతున్నాయి, మొన్నే సర్వీసు చేయించాను."

దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను.

అరకు నుంచి అనంతగిరి ఘాట్ దిగి ఎస్.కోట వచ్చిన వాళ్ళకి ఆ కమురు వాసన తెలుసు. గేర్లో దిగకుండా బ్రేకు మీద కాలు ఆనించుకుని దిగితే ముందు చక్రాల దగ్గర వచ్చే వాసన అది. ట్రాక్ మీద నాలుగో రౌండుకి అంతకు మించిన వేడి ఉంటుంది. ఎందుకంటే స్పీడు రెట్టింపైతే ఆపడానికి తీసేయాల్సిన శక్తి నాలుగు రెట్లు. వెయ్యి కిలోల కారు గంటకి 140 కిలోమీటర్ల స్పీడు నుంచి 60కి తగ్గిందంటే బ్రేకుల మీద పడే శక్తి దగ్గర దగ్గర 600 కిలోజౌళ్ళు. రెండు లీటర్ల చన్నీళ్ళని మరిగించడానికి అది చాలు. ఒక్క మలుపు దగ్గర, మూడు నాలుగు సెకన్లలో, అదీ ఎక్కువ భాగం ముందు రెండు డిస్కుల మీద. అవి చల్లారేలోపే ఇంకో మలుపు వచ్చేస్తుంది.

ప్యాడ్లు, డిస్కులు ఎర్రబడినా తట్టుకోవచ్చు, వాటి వెనకాల క్యాలిపర్లో (ప్యాడ్లని డిస్కు మీదకి నొక్కే భాగం) ఉన్న బ్రేక్ ఆయిల్ తట్టుకోదు. దాన్ని ఆయిల్ అంటాం గానీ అది గాల్లో తేమని పీల్చుకునే ద్రవం. డాట్ అని డబ్బా మీద ఉండేది దాని రకం. డాట్ 4 అయితే కొత్త డబ్బా 230 డిగ్రీల దాకా మరక్కూడదని ప్రమాణం, తేమ పట్టాక అదే 155కి దిగిపోతుంది. డాట్ 3 అయితే 205, తేమ పట్టాక 140. మనం ఉండేది సముద్రం పక్కన. కళింగపట్నంలోనో భీమిలిలోనో రెండేళ్ళు తిరిగిన బండి బ్రేక్ ఆయిల్‌లో ఎంత తేమ ఉంటుందో మీరే ఊహించుకోండి. కొత్తది లేత రంగులో ఉంటుంది, నేను విప్పే బండ్లలో సగం డికాక్షన్ రంగులో ఉంటాయి.

ఇది నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. మొదటిసారి నా బండి తీసుకెళ్ళినప్పుడు ప్యాడ్లు కొత్తవి వేశాను, ఆయిల్ చూసుకోలేదు. మెకానిక్‌ని కదా, నా బండి గురించి నాకు తెలీదా అన్న పొగరు. రెండో సెషన్లో, అంటే ట్రాక్ మీదకి రెండో విడత వెళ్ళినప్పుడు, మలుపు ముందు బ్రేకు తొక్కితే పెడల్ తడిసిన స్పాంజిలా మెత్తగా సగం దాకా దిగింది, పాదం కింద ఏమీ లేదు. రెండోసారి పంపు కొట్టినట్టు కొడితే కొంచెం పట్టింది, మూడోసారికి ఇంకొంచెం. గేరు దించేశాను, బండి ట్రాక్ దాటి పక్కన మట్టిలోకి వెళ్ళి ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. సాయంత్రం బ్లీడింగ్ చేస్తే, అంటే పాత ఆయిల్‌నీ గాలినీ గొట్టంతో బయటికి తీస్తే, గొట్టంలోంచి ఆయిల్ కంటే బుడగలే ఎక్కువ వచ్చాయి. ద్రవం మరిగి ఆవిరైంది, ఆవిరి నొక్కితే నలుగుతుంది, నేను తొక్కిందంతా ఆ ఆవిరిని నలపడానికే పోయింది. అంతే జరిగింది.

అందుకని తేడా గుర్తుపెట్టుకోండి. పెడల్ మెత్తగా కిందకి పోతుంటే ఆయిల్ మరిగింది. పెడల్ రాయిలా గట్టిగా ఉండి బండి మాత్రం ఆగకపోతే ప్యాడ్లు కాలాయి. రెండింటిలో ఏది వచ్చినా ఆ సెషన్ అక్కడికి ముగిసినట్టే. వెళ్ళే ముందు వారంలోపు సీల్ విప్పని కొత్త డాట్ 4 గానీ 5.1 గానీ పోసి నాలుగు చక్రాలూ బ్లీడ్ చేయించండి, వందల్లో అయిపోయే పని. డాట్ 5 అని విడిగా ఒకటి ఉంటుంది, అది సిలికాన్, పేరు దగ్గరగా ఉందని పొరపాటున కూడా కలపొద్దు. తర్వాత మంచి ప్యాడ్లు. పూర్తి రేసింగ్ ప్యాడ్లు వద్దు, అవి వేడెక్కితే గానీ పట్టవు, పొద్దున్నే ఆఫీసుకి పోతుంటే సిగ్నల్ దగ్గర ముందు బండిని గుద్దుతారు. బెజ్జాలున్న డిస్కులు చూడ్డానికి బాగుంటాయి, వేడికి ఆ బెజ్జాల దగ్గరే బీటలు తీస్తాయి. మామూలు డిస్కే మంచిది.

ఇంకోటి. సెషన్ అయ్యాక ఆఖరి రౌండు బ్రేకు తొక్కకుండా మెల్లగా తిరిగి రండి, పిట్‌లో (ట్రాక్ పక్కన బండ్లు ఆపే చోటు) ఆపాక బ్రేకు మీద కాలు ఆనించి ఉంచొద్దు, హ్యాండ్ బ్రేక్ కూడా లాగొద్దు. గేర్లో వదిలేసి చక్రం కింద ఇటుక పెట్టుకోండి. కాలుతున్న డిస్కుని ప్యాడ్ ఒకేచోట పట్టుకుని ఉంటే దాని పదార్థం అక్కడ అంటుకుపోతుంది, ముందు డిస్కులకి అలా అయితే ఇంటికొచ్చే దారంతా బ్రేకు తొక్కినప్పుడల్లా స్టీరింగు వణుకుతుంది.

అపోహ: "వేడి ఎక్కకుండా థర్మోస్టాట్ వాల్వ్ పీకేద్దాం."

ఇది కుర్రాళ్ళ తప్పు కాదు, మా మెకానిక్‌ల తప్పు. నేను హెల్పర్‌గా ఉన్నప్పుడు ఎండాకాలం వచ్చిందంటే బండి తర్వాత బండి వాల్వ్ తీసి పారేసేవాళ్ళం. "మన ఎండలకి ఇదెందుకురా, చలి దేశాల వాళ్ళకి గానీ" అని మా మేస్త్రీ అనేవాడు, నేనూ చాలాకాలం అదే మాట కస్టమర్లకి చెప్పాను. చెప్పినందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

ఇంజిను వేడెక్కాక నీళ్ళని రేడియేటర్‌లోకి వదిలే ఆ వాల్వ్ చాలా బండ్లలో 80, 90 డిగ్రీల మధ్య తెరుచుకోవడం మొదలెడుతుంది. ట్రాక్ మీద ఇంజిను ఎలాగూ అంతకు మించి వేడిగా ఉంటుంది, అంటే వాల్వ్ అప్పటికే పూర్తిగా తెరిచే ఉంటుంది. తీసేసి సాధించేది ఏమీ లేదు. పైగా కొన్ని ఇంజిన్లలో అదే వాల్వ్ ఇంకో చివర బైపాస్ దారిని మూస్తుంది. వాల్వ్ లేకపోతే ఆ దారి తెరిచే ఉండి, సగం నీళ్ళు రేడియేటర్ మొహం చూడకుండానే ఇంజినులోకి తిరిగొచ్చేస్తాయి, అప్పుడు వేడి తగ్గకపోగా పెరుగుతుంది. మామూలు రోజుల్లోనేమో ఇంజిను ఎప్పటికీ సరిగ్గా వేడెక్కదు, కంప్యూటర్ ఇంకా చల్లగా ఉందనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తుంది, మైలేజీ పోతుంది. దానికి బదులు రేడియేటర్ రెక్కల్లో ఇరుక్కున్న పురుగులూ మట్టీ కడిగించండి, కూలెంట్ మార్చండి, రేడియేటర్ మూత రబ్బరు చూడండి. ఇంజిన్ ఆయిల్ డిప్‌స్టిక్ మీద పై గీతకి ఉండాలి. పొడుగు మలుపుల్లో ఆయిల్ ఒక పక్కకి పోతుంది, లెవెల్ తక్కువుంటే పంపు గాలి పీలుస్తుంది. పెట్రోలు కూడా పావు ట్యాంకు లోపు ఉంటే ఇదే తంతు.

అపోహ: "స్ప్రింగు ఒక చుట్టు కోయిస్తే బండి నేలకి అతుక్కుంటుంది."

వెల్డింగ్ షాపులో గంట పని, నిజమే. కానీ స్ప్రింగు చుట్టు తగ్గితే గట్టిపడుతుంది, పాత షాక్ అబ్జార్బర్ దాన్ని పట్టలేదు, పైగా కదిలే చోటు తగ్గి మలుపులోనే రబ్బరు స్టాపుకి కొట్టుకుంటుంది. కొట్టుకున్న క్షణం ఆ చక్రం పట్టు వదిలేస్తుంది. బండి గాల్లోకి లేస్తే కోసిన స్ప్రింగు తన గూట్లోంచి ఊడి వచ్చే అవకాశం కూడా ఉంది. అదంతా పక్కన పెట్టినా, మన ఊళ్ళో స్పీడ్ బ్రేకర్లు ఎవరి ఇంటి ముందు వాళ్ళు కొలతల్లేకుండా కట్టుకున్నవి. నేను కోయను, కోసిన బండి వస్తే కొత్త స్ప్రింగులు వేయించుకోమంటాను. కారిపోయిన షాక్ అబ్జార్బర్లు మార్చి, అలైన్‌మెంట్ చేయించి, కావాలంటే క్యాంబర్ బోల్టులతో ముందు చక్రాల పై అంచుని ఒక డిగ్రీ లోపలికి వాల్చుకోండి, లేకపోతే టైరు బయటి అంచు ఒక్క పూటలో అరిగిపోతుంది. ఆ బోల్టులతో రోజూ తిరిగితే లోపలి అంచు అరుగుతుంది, అది వేరే సంగతి.

టైర్ల దగ్గరికొస్తే, వెడల్పు టైరు కంటే కొత్త టైరు మేలు. పక్కన నాలుగు అంకెలుంటాయి, మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. సైజు పక్కన అక్షరం కూడా చూడండి: టీ అంటే 190, హెచ్ అంటే 210 కిలోమీటర్ల దాకా. "గాలి ఎక్కువ కొట్టించుకుంటే గట్టిగా ఉంటుంది" అంటారు, తప్పు. నాలుగు రౌండ్లకి వేడెక్కి ఐదారు పాయింట్లు (పీఎస్ఐ) దానంతటదే పెరుగుతుంది. టైరు అంచు నుంచి పక్క గోడ మీదకి సుద్దముక్కతో గీత గీసి, రాగానే ఎంతవరకు చెరిగిందో చూసి, వేడి మీదే కొంచెం కొంచెం తీసుకోవాలి. సాయంత్రం హైవే ఎక్కే ముందు మళ్ళీ కంపెనీ చెప్పిన లెక్కకి కొట్టించుకోవాలి, ఇదే చాలామంది మర్చిపోతారు. వీల్ నట్లు ప్రతి సెషన్ తర్వాతా టార్క్ రెంచ్‌తో (బిగింపుని కొలిచే పానా) చూడండి. పానా మీద నిలబడి గెంతడం టార్క్ కాదు.

నాలుగు పట్టీల బెల్టు ఒక్కటే కొని బిగించేవాళ్ళకి ఒకటే మాట: రోల్ కేజ్ (పైకప్పు దిగకుండా లోపల బిగించే ఇనుప గొట్టాల చట్రం) లేకుండా వద్దు. బండి పల్టీ కొట్టి పైకప్పు దిగితే మామూలు బెల్టులో మనిషి పక్కకి ఒరగగలడు, ఆ నాలుగు పట్టీల బెల్టు నిటారుగా పట్టుకుని ఉంచేస్తుంది. కంపెనీ బెల్టు, ఫుల్ ఫేస్ హెల్మెట్ చాలు.

"ట్రాక్ డే రేసు కాదుగా, ఇన్సూరెన్స్ వస్తుంది" అనేవాళ్ళు పాలసీ కాగితం తీసి చదవండి. రేసింగ్, స్పీడ్ టెస్టింగ్ అందులో మినహాయింపుల కింద ఉంటాయి. వాదించుకోవచ్చు, కానీ వస్తుందని నమ్ముకుని మాత్రం వెళ్ళొద్దు. రోడ్డు మీద కూడా, కంపెనీ ఇచ్చిన దానికి భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెప్తోంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. భోగాపురం దగ్గర హైవే ఖాళీగా ఉందని అక్కడ "టెస్టింగ్" చేసేవాళ్ళతో నాకు మాటల్లేవు, వాళ్ళ బండి ముట్టుకోను.

ఇక బరువు. బరువు తగ్గిస్తే మంచిదే, ఇది అపోహ కాదు. మ్యాట్లు, నీళ్ళ సీసాలు, జాకీ, స్టెప్నీ, డాష్‌బోర్డు మీద పైడితల్లి అమ్మవారి బొమ్మ, అన్నీ తీసి పిట్‌లో పెట్టాలి. గట్టిగా బ్రేకు కొడితే ఆ సీసా వచ్చి పెడల్ కింద దూరుతుంది. అమ్మవారిని సంచిలో భద్రంగా పెట్టండి, ఏమీ అనుకోదు. అయితే తీయాల్సింది ట్రాక్ దగ్గర. మా వాడొకడు ఎనిమిది వందల కిలోమీటర్లు కూడా తేలిగ్గా వెళ్దామని ఇక్కడే అన్నీ దించేసి బయల్దేరాడు. ట్రాక్ బ్రహ్మాండంగా తిరిగాడు, తిరుగు ప్రయాణంలో రాత్రి పదకొండింటికి కావలి దాటాక ఫోన్ చేశాడు. "బాబాయ్, వెనక టైరు పంచరైంది, జాకీ పక్కనున్న లారీ అతనిస్తానన్నాడు." మంచిదే నాన్నా, మరి స్టెప్నీ? అన్నాను. అవతల కాసేపు మాట లేదు. అది నా ఎదురుగానే, షెడ్డు గోడకి ఆనించి ఉంది.