ఫ్రిజ్‌కి గ్రాంటు వచ్చింది, మరి కరెంటు బిల్లుకి?

కమ్యూనిటీ హెల్త్ ప్రోగ్రామ్‌లకు నిధులు తేవడం నా పని. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ల దగ్గర తరచూ వినే అపోహలివి. వీటిలో ఒకటి నాకూ ఉండేది.

అపోహ: ప్రపోజల్ (డబ్బు కోసం దాతకు పంపే దరఖాస్తు) బాగా రాస్తే గ్రాంటు వస్తుంది.

వాస్తవం: చాలా ప్రపోజల్స్ వెనక్కి వచ్చేది రాత బాగోలేక కాదు, అడగకూడని చోట అడిగినందుకు. ఆ దాత గత రెండు మూడేళ్లలో ఎవరికి, ఏ పనికి, ఎంత ఇచ్చారో ముందు చూడండి. వీలైతే అక్కడ గ్రాంట్లు చూసే ప్రోగ్రామ్ ఆఫీసర్‌కి ఒక ఫోన్ చేయండి. నెల రోజుల చాకిరీ తప్పుతుంది.

అపోహ: నిర్వహణ ఖర్చులు తక్కువ చూపిస్తేనే దాతలకు నచ్చుతుంది.

వాస్తవం: ఇది నమ్మి నేను దెబ్బతిన్నాను. టీకాల కోసం ఫ్రిజ్‌కి గ్రాంటు తెచ్చాం. చాలా టీకాలు 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్యే ఉండాలి. బడ్జెట్‌లో ఫ్రిజ్ ధర వేశాను. కరెంటు బిల్లు, రిపేర్లు, పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి టెంపరేచర్ చూసి రిజిస్టర్‌లో రాసే మనిషి జీతం వేయలేదు. తక్కువలో చేస్తారని అనిపించుకోవాలన్న ఆశ, అంతే. ఏడాది తిరిగేసరికి ఫ్రిజ్ మిగిలింది, నడపడానికి డబ్బుల్లేవు. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తే.

అమెరికా దాతృత్వ సంస్థ ఫోర్డ్ ఫౌండేషన్ 2015లో ప్రాజెక్టు గ్రాంట్లపై ఓవర్‌హెడ్‌ను, అంటే నిర్వహణ ఖర్చులకు ఇచ్చే వాటాను, 10 నుంచి 20 శాతానికి పెంచింది. అందరూ అంత ఇవ్వరు. గైడ్‌లైన్స్‌లో ఎంత వరకు ఒప్పుకుంటారో చూసి, అంతా అడగండి. మొహమాటం వద్దు.

అపోహ: చేతిలో డబ్బు లేకపోతే మ్యాచింగ్ గ్రాంట్లు (దాత డబ్బుతో పాటు మన వాటా కూడా పెట్టమనేవి) మనకు కావు.

వాస్తవం: చాలామంది దాతలు వాలంటీర్ల గంటలను, ఉచితంగా ఇచ్చిన గదిని కూడా మన వాటాగా లెక్కేస్తారు. హాజరు పట్టీలో సంతకాలు మాత్రం ఏ రోజువి ఆ రోజే పెట్టించండి.

అపోహ: గ్రాంటు అయిపోయాక జనం దగ్గర కొద్దిగా ఫీజు తీసుకుంటే ప్రోగ్రామ్ నడుస్తుంది.

వాస్తవం: ప్రపోజల్‌లో ‘సస్టైనబిలిటీ’ (గ్రాంటు తర్వాత పని ఎలా సాగుతుంది) అనే హెడ్డింగ్ కింద అందరూ రాసే వాక్యం ఇదే. కెన్యాలో గర్భిణులకు దోమతెరలు కొన్ని క్లినిక్‌లలో ఉచితంగా, కొన్నిట్లో కొద్దిపాటి ధరకి ఇచ్చి చూస్తే, ధర పెట్టిన చోట తీసుకునేవాళ్లు బాగా తగ్గిపోయారు. ఆ వాక్యం బదులు, ఏ ఖర్చును ఏ సంవత్సరం నుంచి ఏ ప్రభుత్వ శాఖ భరిస్తుందో రాసి, ఆ శాఖ ఇచ్చిన లెటర్ జతచేయండి. లెటర్ రాలేదా, రాలేదనే రాయండి. అబద్ధం రాస్తే రెండో విడత డబ్బు దగ్గర దొరికిపోతాం.