ఆసుపత్రి బృందాలూ, కంప్యూటర్లూ: అరవై ఏళ్ల నేపథ్యం

ఆసుపత్రిలో కొత్త డిజిటల్ సాధనం నిలదొక్కుకోకపోతే, వైద్యులూ నర్సులూ మార్పుకు ఒప్పుకోరన్న నింద వెంటనే వినిపిస్తుంది. చరిత్ర చూస్తే ఆ నిందలో న్యాయం తక్కువ.

తొలి ప్రయత్నాలు ఆసుపత్రుల లోపలే మొదలయ్యాయి. 1960ల చివర అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో, రోగుల సమాచారాన్ని కంప్యూటర్‌లో భద్రపరిచే పనుల కోసం, మంప్స్ అనే కంప్యూటర్ భాష రూపొందింది. 1968లో లారెన్స్ వీడ్ అనే వైద్యుడు, కేస్ షీటును రోగి సమస్యల వారీగా రాయాలని ప్రతిపాదించి, ఆ పద్ధతిని కంప్యూటర్‌లోకి తెచ్చే పనికి పూనుకున్నారు. తయారుచేసేవారూ వాడేవారూ ఒకేచోట ఉండడం వల్ల లోపాలను అక్కడికక్కడే సరిదిద్దుకునే వీలుండేది.

1999లో ఈ నడక వేగం మారింది. వైద్యపరమైన పొరపాట్ల వల్ల అమెరికా ఆసుపత్రుల్లో ఏటా 44,000 నుంచి 98,000 మంది చనిపోతున్నారని అక్కడి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ అంచనా వేయడంతో, మందుల ఆదేశాలను కంప్యూటర్‌లోనే నమోదు చేయాలన్న ఒత్తిడి పెరిగింది. లాస్ ఏంజెలెస్‌లోని సీడార్స్-సైనాయ్ ఆసుపత్రి 2003లో, వైద్యుల నిరసన కారణంగా, అలాంటి వ్యవస్థను మొదలుపెట్టిన కొద్ది నెలలకే ఆపేసింది.

అంతకంటే బాధ కలిగించేది పిట్స్‌బర్గ్ పిల్లల ఆసుపత్రి అనుభవం. బయటి ఆసుపత్రుల నుంచి తీసుకువచ్చిన పిల్లల్లో మరణాల శాతం, కొత్త వ్యవస్థ వచ్చాక, 2.80 నుంచి 6.57కు పెరిగినట్లు 2005లో వెలువడిన అధ్యయనం తెలిపింది. అంతకుముందు బిడ్డ ఇంకా దారిలో ఉండగానే మందుల ఆదేశాలు రాసి ఉంచేవారు. కొత్త పద్ధతిలో బిడ్డ ఆసుపత్రికి చేరి, పేరు నమోదయ్యేదాకా కంప్యూటర్ ఏ ఆదేశాన్నీ తీసుకునేది కాదు. కాగితంపై కొన్ని సెకన్లలో అయ్యే పనికి ఒకటి రెండు నిమిషాలు పట్టేది. ఐసీయూలో చేతికందే దూరంలో ఉండే మందులు కేంద్ర ఫార్మసీకి వెళ్లిపోయాయి. మంచం పక్కన డాక్టరూ నర్సూ ముఖాముఖి మాట్లాడుకోవడం తగ్గింది. ఇన్ని మార్పులనూ ఆసుపత్రి అంతటా 6 రోజుల్లోనే అమలు చేశారు. ఆ బృందం ఏళ్ల తరబడి అలవాటుగా చేసుకుంటూ వచ్చిన పని ఏ నియమావళిలోనూ లేదు కాబట్టి సాఫ్ట్‌వేర్‌లోకీ ఎక్కలేదని నా అభిప్రాయం.

మరుసటి ఏడాది సియాటిల్ పిల్లల ఆసుపత్రి నుంచి వచ్చిన అధ్యయనంలో, ఆ తరహా వ్యవస్థ వల్లనే ఐసీయూ మరణాలు పెరిగిన దాఖలా కనిపించలేదు. అక్కడ తరచుగా అవసరమయ్యే ఆదేశాలను, వ్యవస్థ అమల్లోకి రాకముందే, ఐసీయూ కోసం కట్టలుగా సిద్ధం చేసి ఉంచారు.