బకెట్‌లో బంగాళాదుంప: అడుగున నిలిచే నీటి సంగతి

"బకెట్‌లో వేసిన బంగాళాదుంప మొక్క ఏపుగా పెరిగింది. తీరా తవ్వితే దుంపలు మెత్తబడి కంపు కొడుతున్నాయి. అడుగున రాళ్లు కూడా వేశాం కదా, నీళ్లు ఎలా నిలిచాయి?" మిద్దెతోట పెంచేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. జవాబు ఆ రాళ్లలోనే ఉంది.

గిన్నెలు తోమే స్పాంజిని నీళ్లలో ముంచి, పిండకుండా బల్లపరుపుగా పట్టుకోండి. కాసేపు కారి ఆగిపోతుంది. ఇప్పుడు దాన్ని నిలువుగా తిప్పండి. ఆగిన ధార మళ్లీ మొదలవుతుంది! స్పాంజి అదే, అందులోని సందులూ అవే. మారింది ఎత్తు ఒక్కటే. సన్నని సందులు నీటిని పట్టి ఉంచుతాయి. పైనున్న నీటి బరువు ఆ పట్టును మించితేనే నీరు కిందికి జారుతుంది. అందుకే ఎన్ని చిల్లులున్నా కుండీ అడుగున కొంత మందాన మట్టి తడిసి ముద్దగానే ఉంటుంది. ఆ మందాన్ని నిర్ణయించేది మట్టి గుణం, కుండీ ఎత్తు కాదు. అది 5 సెంటీమీటర్లు అనుకుందాం. 15 సెంటీమీటర్ల తొట్టిలో మూడోవంతు ముద్దే. 35 సెంటీమీటర్ల బకెట్‌లో ఏడోవంతు మాత్రమే.

మరి రాళ్లు? సన్న సందుల్లోని నీరు వెడల్పు సందుల్లోకి తేలిగ్గా దిగదు. మట్టి పూర్తిగా నిండాకే దిగుతుంది. స్పాంజి కింద గోలీలు పేర్చినా అది కార్చే నీరు పెరగదు, చూడండి. అంటే 5 సెంటీమీటర్ల గులకరాళ్లు వేస్తే ముద్దమట్టి 5 సెంటీమీటర్లు పైకి, నేరుగా దుంపల దగ్గరికి జరుగుతుంది. తరతరాలుగా చెప్పుకుంటున్న ఈ పద్ధతిని ఇకనైనా వదిలేయాలి. చిల్లుల్లోంచి మట్టి జారకుండా దోమతెర ముక్క పరిస్తే చాలు.

ముద్దమట్టి అంటే దుంపకు ఎందుకంత గండం? బంగాళాదుంప వేరు కాదు, ఊరిన కాండం. కడిగిన దుంపను వెలుతురులో తిప్పి చూస్తే తొక్క మీద సూదిమొనతో గుచ్చినట్టు చుక్కలు కనిపిస్తాయి. వాటిని లెంటిసెల్స్ అంటారు. దుంపకు ఊపిరాడేది వాటిలోంచే. ఆక్సిజన్ గాలిలో కంటే నీటిలో సుమారు పదివేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. నీటిలో నానిన దుంపలో ఈ చుక్కల కింది కణాలు ఉబ్బి, తొక్కను చీల్చుకుని తెల్లగా, నూకగింజలంత పొక్కుల్లా బయటికొస్తాయి. మెత్తకుళ్లు తెచ్చే బాక్టీరియాకు అవి తెరిచిన వాకిళ్లు. తవ్వినప్పుడు తెల్ల పొక్కులు కనిపిస్తే నీరు ఎక్కువైందని అర్థం.

ఒక మొక్కకు 20 లీటర్ల బకెట్ సరిపోతుంది. అడుగున వేలి మందం చిల్లులు 8 లేదా 10 పెట్టాలి. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు కొబ్బరిపొట్టు, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలపండి. బూడిద వద్దు. క్షారగుణం పెరిగితే తొక్క మీద గజ్జి తెగులు వస్తుంది. మన మైదానాల్లో నాటే అదను అక్టోబరు చివరి నుంచి నవంబరు దాకా. రాత్రి వేడి 20 డిగ్రీలు దాటితే దుంప ఊరడం మందగిస్తుంది. వేడిని కొంత తట్టుకునే కుఫ్రీ సూర్య రకం దొరికితే మరీ మంచిది.

15 సెంటీమీటర్ల మట్టి పోసి, మొలక వచ్చిన కోడిగుడ్డంత దుంపను కోయకుండా పెట్టి, పైన 10 సెంటీమీటర్లు కప్పండి. మొక్క జానెడు పెరిగాక పైచివర వదిలేసి మళ్లీ మట్టి పోయాలి. ఎండ తగిలిన దుంప ఆకుపచ్చబడి, సొలనిన్ అనే విషపదార్థం చేరి చేదెక్కుతుంది. అది తినకూడదు.

నాటిన రోజు ఒకసారి నీళ్లు పోస్తే, మొలక పైకొచ్చేదాకా పైమట్టి బాగా ఎండితే తప్ప మళ్లీ పోయకండి. విత్తనపు దుంపలోనే నీరు సుమారు 80 శాతం ఉంటుంది. ఆ తర్వాత "రోజూ ఒక మగ్గు" లెక్క పనికిరాదు. నిండుగా తడిపి, కారడం ఆగాక బకెట్‌ను ఒకసారి ఎత్తి బరువు గుర్తుంచుకోండి. రెండు కిలోలు తగ్గిందనిపిస్తే అదే నీళ్లు పోసే వేళ. గుబురెక్కిన మొక్క ఎండ రోజున లీటరు దాకా తాగేస్తుంది. ఒక చిక్కుంది. బాగా ఎండిన కొబ్బరిపొట్టు అంచుల నుంచి విడివడుతుంది, పోసిన నీళ్లు ఆ సందులోంచి చిల్లుల్లోకి జారిపోతాయి. కింద కారింది కదా అని తడిసినట్టే అనుకుంటాం. ఎత్తి చూస్తే తేలిగ్గానే ఉంటుంది. అప్పుడు పది నిమిషాల తేడాతో రెండు మూడు విడతలుగా పోయాలి. పోసేది ఉదయం పూట, మొక్క మొదలు దగ్గరే. ఆకు రాత్రంతా తడిగా ఉంటే మాడు తెగులుకు తావిచ్చినట్టే.

నాటిన ఐదో వారం నుంచి తడి ఆరనివ్వకూడదు, అది దుంపలు మొదలయ్యే సమయం. నాలుగు రోజులు ఎండగట్టి ఒక్కసారిగా ముంచెత్తితే, పెరగడం ఆగిన దుంప, మొలకెత్తే కంటి దగ్గర నుంచి మళ్లీ ఊరి, అల్లంకొమ్ములా బుడిపెలు కడుతుంది. లేదా నిలువునా పగులుతుంది.

80, 90 రోజులకు ఆకు పసుపెక్కుతుంది. అప్పుడు నీళ్లు ఆపేసి పది రోజులు ఆగండి. ఒక దుంప తీసి బొటనవేలితో గట్టిగా రుద్దండి. తొక్క ఊడిరాకపోతే బకెట్ బోర్లించవచ్చు.