కాలేజీ బాస్కెట్‌బాల్ అయిపోయాక దారెటు? అపోహలు - వాస్తవాలు

మార్చిలో ఆఖరి మ్యాచ్ ఓడిన మర్నాడు పొద్దున్నే మా వీడియో గది తలుపు తట్టేది చివరి ఏడాది చదివే సీనియర్లే. లాకర్ ఖాళీ చేసి, బూట్లు సంచిలో వేసుకుని, నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంటారు. "ఇప్పుడేంటి కోచ్?" అన్నదే మొదటి మాట. అమెరికాలో ఒక డివిజన్ వన్ (కాలేజీ ఆటల్లో అన్నిటికన్నా పై అంచె) కాలేజీ జట్టులో తొమ్మిదేళ్లుగా నా పని ఇది: మ్యాచ్‌ల వీడియో కోయడం, ఆటగాళ్ల తర్ఫీదు చూడడం, కాలేజీ దాటి వెళ్లేవాళ్ల వివరాలు క్లబ్బులకు, ఏజెంట్లకు పంపడం. ఖమ్మంలో సిమెంటు కోర్టు మీద ఆట నేర్చుకున్నవాణ్ని కాబట్టి, ఇక్కడి మన పిల్లలు బంతి పట్టుకుంటే నాకు పండగే. వాళ్ల అమ్మానాన్నలు డాలస్ నుంచి, న్యూజెర్సీ నుంచి ఫోన్ చేసి అడిగే ప్రశ్నలకు ఒకచోట జవాబు ఉంటే బాగుంటుందని ఇది రాస్తున్నాను.

ముందు లెక్క చెబుతాను. అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో 30 జట్లు. జట్టుకు 15 మామూలు కాంట్రాక్టులు, పైన 3 టూ-వే కాంట్రాక్టులు (ఎన్‌బీఏ జట్టుకూ, దాని అనుబంధ చిన్న లీగ్ జట్టుకూ ఆడేవాళ్లకు). అన్నీ కలిపితే 540 చోట్లు, అవి కూడా ఇప్పటికే నిండి ఉన్నవి. ఏటా డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే చోట, 2 రౌండ్లు, 60 ఎంపికలు. కొన్ని జట్లు శిక్షగా తమ ఎంపికలు పోగొట్టుకోవడం వల్ల 2024లో 58, 2025లో 59 మాత్రమే. వాటిలోనూ కొన్ని విదేశాల కుర్రాళ్లకు పోతాయి. ఇటు చూస్తే ఒక్క డివిజన్ వన్‌లోనే 360కి పైగా కాలేజీ జట్లున్నాయి. కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ లెక్కల ప్రకారం, డ్రాఫ్ట్‌కు అర్హత ఉన్న కాలేజీ ఆటగాళ్లలో ఎంపికయ్యేది నూటికి దాదాపు ఒకరు. మిగతా తొంభై తొమ్మిది మంది ఏం చేస్తారన్నదే నా ఉద్యోగం.

అపోహ: డ్రాఫ్ట్‌లో పేరొస్తే ఎన్‌బీఏలో ఆడినట్టే, రాకపోతే కథ ముగిసినట్టే.

2015 ఒక్క ఏడాదే చూడండి. పంజాబ్‌లోని బల్లో కే ఊరి నుంచి వచ్చిన సత్నాం సింగ్‌ను ఆ జూన్‌లో డాలస్ జట్టు 52వ ఎంపికగా తీసుకుంది. భారత పౌరుడొకరు డ్రాఫ్ట్ కావడం అదే మొదలు. కాలేజీలో ఆడకుండా ఫ్లోరిడాలోని అకాడమీ నుంచి నేరుగా వచ్చిన అతనికి ఎన్‌బీఏలో ఒక్క మ్యాచ్ కూడా దక్కలేదు. అదే ఏడాది ఏప్రిల్‌లో సిమ్ భుల్లర్ సాక్రమెంటో తరఫున కోర్టులో దిగాడు. కెనడాలో పుట్టిన పంజాబీ కుర్రాడు. న్యూ మెక్సికో స్టేట్‌లో రెండు సీజన్లు ఆడి 2014లో డ్రాఫ్ట్‌కు వెళ్తే ఎవరూ తీసుకోలేదు. డెవలప్‌మెంట్ లీగ్‌లో (ఎన్‌బీఏ కింది అంచె, ఇప్పటి పేరు జీ లీగ్) ఆడి, 10 రోజుల కాంట్రాక్టు మీద పైకొచ్చి, ఎన్‌బీఏలో ఆడిన తొలి భారత సంతతి ఆటగాడయ్యాడు. ఆడింది మూడు మ్యాచ్‌లే. తర్వాత తైవాన్ వెళ్లి అక్కడ ఏళ్ల తరబడి ఆడాడు.

డ్రాఫ్ట్‌లో ఎంపిక కావడం వేరు, చేతికి కాంట్రాక్టు రావడం వేరు. మొదటి రౌండ్ వాళ్లకు తొలి రెండేళ్ల జీతం ఖాయం. రెండో రౌండ్ వాళ్లకు అలాంటి ఖాయం ఏదీ రాసి ఉండదు, జట్టు ఇస్తేనే ఉంటుంది. అందుకే రెండో రౌండ్ చివర్లో తమకు పనికిరాని జట్టు చేతిలో పడడం కంటే, ఎంపిక కాకుండా మిగిలి, తమకు సరిపోయే జట్టును తామే చూసుకోవడం మేలని ఏజెంట్లు లెక్క వేస్తారు. 2021లో ఓక్లహోమా నుంచి వచ్చిన ఆస్టిన్ రీవ్స్‌ను ఎవరూ డ్రాఫ్ట్ చేయలేదు. లేకర్స్‌తో టూ-వే కాంట్రాక్టు మీద మొదలుపెట్టి, 2023లో అదే జట్టుతో నాలుగేళ్లకు దాదాపు 5.4 కోట్ల డాలర్ల ఒప్పందం రాసుకున్నాడు. బెన్ వాలస్ అయితే డివిజన్ టూ కాలేజీ నుంచి 1996లో డ్రాఫ్ట్ కాకుండా వచ్చి, 2021లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. ఇలాంటివాళ్లు తక్కువే, ఆ మాట దాచను. కానీ డ్రాఫ్ట్ రాత్రి టీవీ కట్టేశాక ఏడుస్తూ కూర్చున్న పిల్లాడికి ఫోన్లు మొదలయ్యేది సరిగ్గా అప్పుడే. ఆఖరి ఎంపిక అయిన నిమిషం నుంచి సమ్మర్ లీగ్ (ఎన్‌బీఏ జట్లు వేసవిలో కొత్తవాళ్లను ఆడించి చూసే మ్యాచ్‌లు) పిలుపులు వస్తుంటాయి. ఆ రాత్రి ఫోన్ ఆపేసి పడుకోవద్దని మా పిల్లలకు మరీ మరీ చెబుతాను.

అపోహ: మావాడు సగటున 19 పాయింట్లు కొట్టాడండీ, ఎవరో ఒకరు తీసుకోకపోరు.

ఈ మాట అన్న తండ్రి నిజాయితీపరుడు, కొడుకు కష్టం కళ్లారా చూసినవాడు. కాబట్టి వివరంగా చెబుతాను. మీ అబ్బాయి కాలేజీలో జట్టుకు మొదటి ఆటగాడు. బంతి అతని చేతిలోనే ఉంటుంది, ఆట అతని చుట్టూ అల్లి ఉంటుంది. పై స్థాయిలో ఆ ఉద్యోగం ఇంకొకరిది. అక్కడ ఖాళీ ఉండేది ఎనిమిదో, పదో ఆటగాడి చోటు. బంతి ముట్టకుండా కార్నర్‌లో నిలబడి, వచ్చిన ఒక్క త్రీ (మూడు పాయింట్ల షాట్) వేసి, ఎదుటి జట్టులో బాగా ఆడేవాణ్ని కాచుకోవాలి. ఆ పని చేయగలడా లేదా అన్నదే స్కౌట్లు (జట్ల కోసం ఆటగాళ్లను వెతికేవాళ్లు) చూసేది.

పీజే టకర్‌ను నేను ప్రతి ఏడూ ఉదాహరణగా చూపిస్తాను. టెక్సస్ కాలేజీలో ఉండగా 2006లో బిగ్ 12 కాన్ఫరెన్స్‌లో (కాలేజీ జట్ల సమూహం) ఆ ఏటి మేటి ఆటగాడు. టొరంటో 35వ ఎంపికగా తీసుకుని, ఏడాది తిరక్కుండానే వదిలేసింది. ఇజ్రాయెల్, ఉక్రెయిన్, గ్రీస్, ఇటలీ, జర్మనీ అంటూ తిరిగి, 2012లో ఫీనిక్స్ జట్టుతో ఎన్‌బీఏకు మళ్లీ వచ్చాడు. వచ్చినప్పుడు చేసిన పని కాలేజీలో చేసినది కాదు: డిఫెన్స్, రీబౌండ్లు, కార్నర్ త్రీలు. 2021లో మిల్వాకీతో టైటిల్ గెలిచాడు.

అందుకే సీనియర్ల వీడియో కోసేటప్పుడు మా ఇద్దరి మధ్యా గొడవ తప్పదు. రెండేళ్ల కిందట ఒక గార్డ్ డంక్‌ల జాబితా రాసుకుని వచ్చాడు. నేను అతని ఆఖరి పది మ్యాచ్‌లు తీసి, బంతి అతని దగ్గర లేని క్షణాలే తెర మీద పెట్టాను. స్క్రీన్ (దారికి అడ్డంగా నిలబడే ఎదుటి ఆటగాడు) దగ్గర ఎలా దూరాడు, తప్పిన షాట్ తర్వాత ఎంత వేగంగా వెనక్కి పరిగెత్తాడు, తోటివాడికి హెల్ప్‌కు వెళ్లి మళ్లీ తాను కాచుకోవాల్సిన మనిషి మీదికి చేతులెత్తి ఎలా వచ్చాడు. ఒకచోట ఆపి చూస్తే, చేతులు నడుం మీద పెట్టుకుని నిలబడి ఉన్నాడు. అతను తెరను చూస్తూ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇది తీసేయొద్దు కోచ్, నాకొక కాపీ ఇవ్వు" అన్నాడు. క్లబ్బులకు పంపింది నాలుగు నిమిషాల ముక్క, దాంతోపాటు రెండు పూర్తి మ్యాచ్‌లు. మంచి కోచ్‌లు నాలుగు నిమిషాలు చూసి, పూర్తి మ్యాచ్ అడుగుతారు. అది లేకుండా మెరుపుల వీడియో ఒక్కటే పంపితే, ఏదో దాస్తున్నారనుకుంటారు.

సీనియర్లకు ఇంకో చోటు ఉంది, మన తల్లిదండ్రుల్లో చాలామందికి తెలియదు. వర్జీనియాలోని పోర్ట్స్‌మౌత్‌లో 1953 నుంచి ఏప్రిల్‌లో సీనియర్ల టోర్నమెంట్ జరుగుతోంది. 64 మంది, 8 జట్లు. స్కాటీ పిప్పెన్, జిమ్మీ బట్లర్ అక్కడ ఆడి వెళ్లినవాళ్లే. ఎన్‌బీఏ స్కౌట్లతో పాటు విదేశీ క్లబ్బుల మనుషులూ అక్కడ కూర్చుని ఉంటారు.

అపోహ: జీ లీగ్‌లో పడితే కింద పడ్డట్టే.

జీతం తక్కువన్నది నిజం. 2024-25 సీజన్‌కు జీ లీగ్ మామూలు జీతం 43,000 డాలర్లు, ఉండడానికి ఇల్లు జట్టే చూస్తుంది. అదే జిమ్‌లో, అదే బస్సులో ఉండే టూ-వే ఆటగాడికి ఆ ఏడాది 5,78,000 డాలర్ల పైచిలుకు. అతను ఎన్‌బీఏ జట్టు తరఫున 50 మ్యాచ్‌ల వరకు ఆడొచ్చు. ఈ రెండింటి మధ్య ఎగ్జిబిట్ 10 అనే ఒప్పందం ఉంది: ఎన్‌బీఏ శిక్షణ శిబిరానికి పిలిచి, తర్వాత వదిలేసినా, ఆ జట్టు అనుబంధ జీ లీగ్ జట్టులో 60 రోజులుంటే బోనస్ ఇస్తారు. 2023-24లో ఆ బోనస్ గరిష్ఠంగా 75,000 డాలర్లు. "ఎన్‌బీఏ కాంట్రాక్ట్ వచ్చింది" అని బంధువుల గ్రూపులో పెట్టే ముందు అది ఏ రకం కాంట్రాక్టో చదవండి. అలెక్స్ కరుసో టెక్సస్ ఏ అండ్ ఎం నుంచి 2016లో డ్రాఫ్ట్ కాకుండా వచ్చి, ఈ జీ లీగ్, టూ-వే మెట్లు ఎక్కే 2020లో ఒకటి, 2025లో ఒకటి, రెండు టైటిళ్లు గెలిచాడు.

అపోహ: ఇక్కడ కాకపోతే యూరప్‌లో ఎలాగూ దొరుకుతుంది.

యూరప్‌లో మంచి జీతాలున్నాయి, మంచి ఆట ఉంది. కానీ అక్కడా చోట్లు లెక్కపెట్టి ఉంటాయి. జర్మనీ మొదటి లీగ్‌లో 12 మంది జట్టులో జర్మన్లు కానివాళ్లు 6 మందికి మించకూడదు. ఆ ఆరు చోట్లకు అమెరికా నుంచే కాదు, సెర్బియా నుంచి, లిథువేనియా నుంచి కూడా పోటీ. ఇతర దేశాల్లోనూ ఏదో ఒక పరిమితి ఉంటుంది. తాతదో అమ్మమ్మదో ఐరోపా పౌరసత్వం ఉన్నవాడికి దారి సులువవుతుంది. మన పిల్లలకు ఆ వెసులుబాటు ఉండదు. అందుకని కాలేజీ నుంచి వచ్చే మామూలు ఆటగాడికి తొలి ఉద్యోగం సాధారణంగా రెండో అంచె లీగ్‌లోనో, చిన్న దేశంలోనో దొరుకుతుంది. నెల జీతం, ఫ్లాట్, విమానం టికెట్లు, ఒక్కోసారి కారు. ఉడోనిస్ హాస్లెమ్ 2002లో డ్రాఫ్ట్ కాక ఫ్రాన్స్‌లో ఒక ఏడాది ఆడి వచ్చి, మయామీలో 20 సీజన్లు గడిపాడు. ఆ ఒక్క ఏడాదిని చిన్నచూపు చూడకండి.

కాంట్రాక్టు కాగితం గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. మా దగ్గర ఆడి వెళ్లిన కుర్రాడొకడు ఒక చిన్న క్లబ్బులో చేరాడు. మొదటి నెల జీతం వచ్చింది. రెండో నెల సగం. మూడో నెల నుంచి "వచ్చే వారం". రాత్రిపూట నాకు వాట్సాప్‌లో కాంట్రాక్టు ఫోటోలు తీసి పంపాడు. పది పేజీల్లో వివాదం వస్తే ఎక్కడ తేల్చుకోవాలన్న వాక్యమే లేదు. జెనీవాలో బాస్కెట్‌బాల్ ఆర్బిట్రల్ ట్రిబ్యునల్ ఉంది, 2007లో అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా పెట్టింది. కాంట్రాక్టులో దాని పేరు రాసి ఉంటే అక్కడికి వెళ్లొచ్చు. తీర్పు వచ్చాక కూడా క్లబ్ డబ్బు కట్టకపోతే, కొత్త విదేశీ ఆటగాళ్లను తీసుకోకుండా ఫిబా నిషేధించగలదు. ఆ వాక్యం లేనందున మా కుర్రాడు రెండు నెలల జీతం వదులుకుని ఇంటికొచ్చాడు. అతను సంతకం చేసే ముందు ఆ కాగితం నేనూ చూశాను, జీతం అంకె దగ్గరే ఆగిపోయాను. అప్పటి నుంచి ప్రతి కాంట్రాక్టులో ముందు ఆ వాక్యం వెతుకుతాను. తర్వాత వైద్య పరీక్ష ఎప్పుడు, గాయమైతే జీతం ఆగుతుందా, జీతం పన్ను పోగా వచ్చేదా కాదా అన్నవి చూస్తాను.

అపోహ: ఎంత త్వరగా కాలేజీ వదిలితే అంత మంచిది.

ఒకప్పుడు ఈ మాటలో కొంత బలం ఉండేది. 2021 జులై 1 నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ మీద సంపాదించుకోవచ్చు. 2025 జులై నుంచి కాలేజీలే నేరుగా డబ్బు పంచుతున్నాయి, మొదటి ఏడాదికి అన్ని ఆటలూ కలిపి ఒక్కో కాలేజీకి సుమారు 2.05 కోట్ల డాలర్ల పరిమితితో. పెద్ద కాలేజీలో మొదటి అయిదుగురిలో ఆడేవాడికి జీ లీగ్ జీతం కంటే చాలా ఎక్కువ వస్తోంది. గడువుకు ముందే డ్రాఫ్ట్‌కు పేరిచ్చినవాళ్లు 2021లో 353 మంది, 2025లో 106 మందే. పేరిచ్చి, ఎన్‌బీఏ జట్ల అభిప్రాయం తెలుసుకుని, ఎన్‌సీఏఏ గడువులోగా వెనక్కి తీసుకునే వీలు కూడా ఉంది. అయితే ఇండియా నుంచి ఎఫ్-1 విద్యార్థి వీసా మీద వచ్చి ఆడేవాళ్లు జాగ్రత్త. ఈ డబ్బు తీసుకోవడం వీసా నిబంధనలకు తగలొచ్చు. కోచ్ మాట మీద కాదు, ఇమిగ్రేషన్ లాయర్ మాట మీద నడవండి.

అపోహ: ఏజెంటుకు ముందు డబ్బు కడితే పని అవుతుంది.

కట్టకండి. ఎన్‌బీఏ కాంట్రాక్టులో ఏజెంటు వాటా 4 శాతం దాటకూడదు, అదీ జీతం వచ్చాకే. యూరప్‌లో సాధారణంగా క్లబ్బే ఇస్తుంది.

అపోహ: ఏదీ కాకపోతే ఇండియా జట్టుకు ఆడొచ్చు.

విదేశాల్లోని భారత సంతతి వాళ్లకు ఇచ్చే ఓసీఐ కార్డు పౌరసత్వం కాదు. జాతీయ జట్టుకు ఆడాలంటే భారత పాస్‌పోర్టు ఉండాలి, మన దేశంలో రెండు పౌరసత్వాలు చెల్లవు. అమెరికా పాస్‌పోర్టు వదులుకోవడం పిల్లాడు ఒక్కడే తేల్చుకునే విషయం కాదు.

ఆడపిల్లల తల్లిదండ్రులూ ఫోన్ చేస్తారు, వాళ్లకు సమయం ఇంకా తక్కువ. 2025లో మహిళల లీగ్ డబ్ల్యూఎన్‌బీఏలో 13 జట్లు, జట్టుకు గరిష్ఠంగా 12 మంది. కాలేజీ ఫైనల్ ఏప్రిల్ 6న, డ్రాఫ్ట్ 14న. ఎంపికైన 38 మందికీ శిబిరంలో చోటు నిలబెట్టుకునే పోరాటం మళ్లీ మొదలు. ఆ ఏడాది మొదటి ఎంపికకే తొలి ఏడాది జీతం 78,831 డాలర్లు. అందుకే అమ్మాయిలు టర్కీ, ఆస్ట్రేలియా దారులు సీనియర్ సీజన్ నడుస్తుండగానే చూసుకోవాలి.

జీతం పోగొట్టుకుని ఇంటికొచ్చిన ఆ కుర్రాడు ఇప్పుడు జర్మనీ రెండో లీగ్‌లో ఉన్నాడు, ఇది రెండో సీజన్. పోయిన వారం కొత్త వీడియో కోయమని క్లిప్పులు పంపాడు. పన్నెండు. ఒక్కదాంట్లోనూ అతను పాయింటు కొట్టలేదు.