కాయిల్‌లో మర తిరిగే కోర్: అపోహలు, వాస్తవాలు

కిందటి వేసవిలో ఒక పెద్దాయన వాళ్ల నాన్నగారి వాల్వు రేడియో తెచ్చారు. ఒకప్పుడు విజయవాడ కేంద్రం గంట కొట్టినట్టు పలికేదట, ఇప్పుడు చెవి ఆనించినా వినపడటం లేదు. వెనక అట్ట విప్పి చూస్తే ఐ.ఎఫ్. క్యాన్లలో (ఏ స్టేషన్ పట్టినా రేడియో దాన్ని ఒకే మధ్యస్థ ఫ్రీక్వెన్సీకి మారుస్తుంది, అదే ఐ.ఎఫ్.; దాని కాయిల్స్ ఉండే లోహపు డబ్బాలివి) కోర్లన్నీ, అంటే కాయిల్ లోపల మరలా తిరుగుతూ పైకీ కిందికీ జరిగే చిన్న కడ్డీలన్నీ, అడుగుదాకా దిగిపోయి ఉన్నాయి. అంతకుముందు చూసిన వాళ్లు "లోపల స్క్రూలు వదులుగా ఉన్నాయి, బిగించాం" అన్నారట. అసలు లోపం బ్యాండు మార్చే స్విచ్‌లో పట్టిన చిలుము. అది పది నిమిషాల పని. దిగిపోయిన కోర్లను మళ్లీ వాటి చోటికి తేవడానికి మాత్రం ఒక పూట పట్టింది.

ఈ పనిలో ముప్పై ఏళ్లకు పైగా ఉన్నాను. పాత రేడియోల మీద, హామ్ సెట్ల (అభిరుచితో రేడియోలో మాట్లాడుకునేవాళ్ల సెట్ల) మీద ఇష్టంతో కొత్తగా స్క్రూడ్రైవర్ పట్టుకుంటున్న కుర్రాళ్లను చూస్తే సంతోషంగా ఉంటుంది. వాళ్ల నోట తరచూ వినే మాటలు కొన్ని ఉన్నాయి. వాటి గురించే ఇది.

అపోహ: కోర్ కూడా ఒక స్క్రూనే, వదులుగా ఉంటే బిగించాలి.

స్క్రూ రెండు వస్తువులను పట్టి ఉంచుతుంది. కోర్ దేన్నీ పట్టి ఉంచదు. కాయిల్‌కి చుట్టిన తీగ ఎలాగో కోర్ కూడా అలాగే ఆ కాయిల్‌లో ఒక భాగం. అది ఎంత లోతులో ఉందన్నదాన్ని బట్టే ఆ కాయిల్ విలువ, అంటే ఇండక్టెన్స్.

లెక్క చూడండి. ట్రాన్సిస్టర్ రేడియోలో ఐ.ఎఫ్.టి. (ఐ.ఎఫ్. కాయిల్ క్యాన్) కింద ఉండే కండెన్సర్ 180 పికోఫారడ్ అనుకుందాం. 455 కిలోహెర్ట్జ్ దగ్గర మోగాలంటే కాయిల్ సుమారు 680 మైక్రోహెన్రీ ఉండాలి. కోర్ కాస్త కదిలి ఆ విలువ 2 శాతం మారితే ఫ్రీక్వెన్సీ అందులో సగం, అంటే 1 శాతం మారుతుంది. అది 4.5 కిలోహెర్ట్జ్. మన మీడియం వేవ్‌లో స్టేషన్‌కీ స్టేషన్‌కీ మధ్య దూరం 9 కిలోహెర్ట్జ్. అంటే కోర్ ఏ కొంచెం తిరిగినా పక్క స్టేషన్ దారిలోకి సగం దూరం వెళ్లిపోయినట్టే. "కొంచెం బిగించాను, అంతే" అనే మాటకి ఈ పనిలో చోటు లేదు.

అందుకే కోర్‌ను ముట్టుకునే ముందు దాని గాడి ఏ దిక్కుకి ఉందో క్యాన్ మీద సన్నని పెన్నుతో గీత పెట్టండి. ఎన్ని చుట్లు తిప్పారో కాగితం మీద రాయండి. దారి తప్పితే వెనక్కి రావడానికి అదొక్కటే ఆధారం.

ఇంకో మాట. రేడియో నిన్నటిదాకా పలికి ఈరోజు పలకకపోతే తప్పు కోర్‌ది కాదు. కోర్ తనంతట తాను తిరగదు. చిన్న క్యాన్ల అడుగున ఉండే బుల్లి కండెన్సర్ నల్లబడి పాడవడం చాలా సెట్లలో చూశాను. కోర్‌ను ఆ చివరి నుంచి ఈ చివరి దాకా తిప్పినా ఎక్కడా శబ్దం పెరిగి తగ్గడం కనపడకపోతే ముందు ఆ కండెన్సర్‌ని అనుమానించండి.

అపోహ: కోర్ లోపలికి పోతే ఫ్రీక్వెన్సీ ఎప్పుడూ తగ్గుతుంది.

ఫెర్రైట్, ఇనుప పొడి కోర్ల విషయంలో ఇది నిజమే. అవి లోపలికి వెళ్తే ఇండక్టెన్స్ పెరుగుతుంది, ఫ్రీక్వెన్సీ దిగుతుంది. ఇత్తడి, అల్యూమినియం కోర్లు దీనికి సరిగ్గా ఎదురు. కాయిల్ అయస్కాంత క్షేత్రం ఆ లోహంలో సుడి కరెంట్లను పుట్టిస్తుంది, అవి ఆ క్షేత్రాన్నే అడ్డుకుంటాయి, ఇండక్టెన్స్ తగ్గుతుంది, ఫ్రీక్వెన్సీ ఎక్కుతుంది. 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ ఎఫ్.ఎం. కాయిల్స్‌లోనూ, అంతకు పైన టీవీ ట్యూనర్లలోనూ ఇత్తడి కోర్లు అందుకే కనపడతాయి. ఆ ఫ్రీక్వెన్సీలో కరెంటు లోహం పైపొరలోనే పారుతుంది కాబట్టి నష్టం తక్కువ. దాన్నే తెచ్చి మీడియం వేవ్ కాయిల్‌లో పెడితే కాయిల్ చచ్చుబడుతుంది.

ఫెర్రైట్‌తో కూడా ఒక చిక్కుంది. ఫార్మర్ (కాయిల్ చుట్టిన గొట్టం) పొడవుగా, కాయిల్ పొట్టిగా ఉంటే కోర్ కాయిల్ మధ్యకి వచ్చేదాకా ఇండక్టెన్స్ పెరుగుతుంది. మధ్య దాటి అవతలికి పోతే మళ్లీ తగ్గుతుంది. కాబట్టి శబ్దం గట్టిగా వినపడే చోటు, అంటే పీక్, ఒకటి కాదు, రెండు. పాత వాల్వు క్యాన్లలో ఒకే గొట్టం మీద రెండు కాయిల్స్, పైనుంచి ఒక కోర్, కిందినుంచి ఒక కోర్ ఉంటాయి. అక్కడ బయటి వైపున దొరికే చోటునే పట్టుకోవాలి. లోపలి చోటున పెడితే ఆ కోర్ రెండో కాయిల్‌కి దగ్గరవుతుంది, రెండింటి మధ్య కప్లింగ్ (ఒకదాని సిగ్నల్ రెండోదానికి అందే లంకె) మారిపోతుంది. స్టేషన్ వినపడుతుంది కానీ పక్క స్టేషన్‌తో కలగాపులగంగా ఉంటుంది. దీన్ని తెలియక వదిలేసిన సెట్లు ఎన్నో.

ట్రాన్సిస్టర్ రేడియోల్లోని పసుపు, తెలుపు, నలుపు తలల చిన్న క్యాన్లలో చాలావాటికి కాయిల్ లోపల కోర్ తిరగనే తిరగదు. డమరుకం ఆకారపు ఫెర్రైట్ మీద తీగ చుట్టి ఉంటుంది. దాని మీద బోర్లించిన ఫెర్రైట్ గిన్నె పైకీ కిందికీ కదులుతుంది, మర ఆ గిన్నె బయటి వైపున ఉంటుంది. రంగు తల ఉన్నది ఆ గిన్నెకే. ఇది తెలిస్తే అంచు ఎందుకు అంత సులువుగా చిట్లుతుందో అర్థమవుతుంది.

అపోహ: పర్మియబిలిటీ (అయస్కాంత రేఖలను తనలోంచి పోనిచ్చే గుణం) 100 ఉన్న కోర్ పెడితే ఇండక్టెన్స్ 100 రెట్లు అవుతుంది.

టొరాయిడ్ లాంటి మూసిన వలయంలో ఆ మాట దాదాపు నిజం. మర కోర్ అలా కాదు. రెండు చివరలా తెరిచే ఉంటుంది, అయస్కాంత రేఖలు దారిలో ఎక్కువ భాగం గాలిలోంచే తిరిగి రావాలి. అందుకని ఎంత గొప్ప ఫెర్రైట్ పెట్టినా విలువ మామూలుగా ఒకటిన్నర నుంచి మూడు రెట్ల దాకానే పెరుగుతుంది. ఎక్కువ పర్మియబిలిటీ కోసం వెతుక్కోవడం వృథా. చూడాల్సింది ఆ కోర్ మీ ఫ్రీక్వెన్సీలో ఎంత నష్టపరుస్తుందనేది. విరిగిన మీడియం వేవ్ యాంటెన్నా కడ్డీ ముక్కని సాది 28 మెగాహెర్ట్జ్ కాయిల్‌లో పెట్టిన మిత్రుడు "పీక్ దొరుకుతోంది కానీ చాలా మందంగా ఉంది" అన్నాడు. ఆ ఫెర్రైట్ తక్కువ ఫ్రీక్వెన్సీకి చేసింది. పైన అది శక్తిని వేడిగా మింగేస్తుంది. హెచ్.ఎఫ్. (షార్ట్‌వేవ్) పైభాగంలో సన్నని ఇనుప పొడితో చేసిన కోర్లు గానీ, ఆ ఫ్రీక్వెన్సీకే చేసిన నికెల్ జింకు ఫెర్రైట్లు గానీ వాడాలి.

ఆ మిత్రుడే ఇంకోటి అడిగాడు, ఫెర్రైట్‌కి డై పెట్టి మర కోయొచ్చా అని. కోయలేం. అది పింగాణీ జాతి, కాల్చి గట్టిపరిచింది. డై పడితే పొడి అవుతుంది.

అపోహ: ఏ స్క్రూడ్రైవర్ అయినా తిరిగితే చాలు.

ఇనుప స్క్రూడ్రైవర్ గాడిలో ఉన్నంతసేపూ అదీ కోర్‌లో భాగమే. మీరు దానితో సహా కాయిల్‌ని ట్యూన్ చేస్తున్నారు. తీయగానే పీక్ జరిగిపోతుంది. "పెట్టినప్పుడు బాగుంది, తీస్తే పోయింది" అనేవాళ్లందరి కథా ఇదే. పైగా ఇనుము మొన గాడిని చీలుస్తుంది.

ప్లాస్టిక్ ట్రిమ్మర్ టూల్స్ బజారులో దొరుకుతాయి. దొరకని రోజుల్లో మేం వెదురు పుల్లని చెక్కి వాడేవాళ్లం. రాగి లేని ఫైబర్ బోర్డు పేలికని ఆకురాయితో సాదితే ఇంకా గట్టిగా ఉంటుంది. ముఖ్యం ఏమిటంటే మొన గాడి నిండా కూర్చోవాలి. ఆరు పలకల రంధ్రం ఉన్న కోర్‌లో బల్లపరుపు మొన దూర్చి తిప్పితే కోర్ లోపలి నుంచి పగులుతుంది. ఆ పగులు పైకి కనపడదు, కోర్ ఉబ్బి మరలో బిగుసుకున్నాకే తెలుస్తుంది.

ఒక చిన్న పరికరం మాత్రం తప్పకుండా చేసుకోండి. ప్లాస్టిక్ పుల్లకి ఒక చివర ఫెర్రైట్ ముక్క, ఇంకో చివర ఇత్తడి ముక్క. క్యాన్ లేని కాయిల్ దగ్గరికి ముందు ఫెర్రైట్ చివర తీసుకెళ్లండి. శబ్దం పెరిగితే ఆ కాయిల్‌కి ఇండక్టెన్స్ చాలలేదు. ఇత్తడి చివరతో పెరిగితే ఎక్కువైంది. రెండింటితోనూ తగ్గితే కాయిల్ సరిగ్గా ఉంది, దాని జోలికి పోవద్దు. కోర్‌ని ముట్టకుండానే తెలిసిపోతుంది. నా బల్ల మీద మల్టీమీటర్ పక్కనే ఉంటుంది ఆ పుల్ల.

అపోహ: కోర్ కదలకుండా జిగురు వేసేస్తే పీడ విరగడవుతుంది.

నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే. క్షణాల్లో అంటుకునే జిగురు మరలోకి పాకుతుంది. కోర్, ఫార్మర్ ఒకటైపోతాయి. పదేళ్ల తర్వాత కండెన్సర్ విలువ జరిగి, కాయిల్స్‌ని మళ్లీ సరైన ఫ్రీక్వెన్సీకి తెచ్చే అలైన్‌మెంట్ అవసరమైనప్పుడు ఆ కాయిల్‌ని బతికించే దారి ఉండదు.

కోర్‌ని పట్టుకోవాల్సింది రాపిడి. చేతికి తిరగాలి, అదురుకి తిరగకూడదు. పాత తయారీదార్లు దీన్ని రకరకాలుగా సాధించారు. కొందరు నున్నటి గొట్టంలో నిలువునా సన్నని రబ్బరు దారం పెట్టి దాని మీదుగా కోర్‌ని తిప్పేవాళ్లు, మర ఆ రబ్బరులో దిగి పట్టుకునేది. కొందరు గొట్టం లోపల సన్నని గట్లు పోసేవాళ్లు. కొన్నింట్లో కోర్‌కి ఇత్తడి మర కడ్డీ అతికించి బయట స్ప్రింగు క్లిప్పుతో పట్టేవాళ్లు. ఆ క్లిప్పు దగ్గర చిలుము పడితే షార్ట్‌వేవ్‌లో గరగర వస్తుంది. చాలామంది దాన్ని వాల్వు లోపం అనుకుంటారు.

పాత రబ్బరు ఎండి పొడి అయిపోతే ఏం చేయాలి? మామూలు రబ్బరు బ్యాండు ముక్క పెట్టకండి, వేడికి కరిగి బంకలా తయారవుతుంది. ప్లంబర్లు కుళాయిలకి చుట్టే తెల్లటి టెఫ్లాన్ టేపు సన్నని పేలిక ఒకటి కోర్ మీద నిలువుగా వేసి మెల్లగా తిప్పండి. ఒక్క పొర చాలు. చుట్టూ చుట్టితే బిగువెక్కి ఫార్మర్ చీలుతుంది.

పని అయ్యాక సీలు వేయాలంటే తేనెమైనం మంచిది. కొవ్వొత్తి మైనం కొన్ని రకాలు 50 డిగ్రీల పైన మెత్తబడతాయి. మన ఎండాకాలంలో గదే 40 దాటుతుంది, వాల్వు సెట్ లోపల ఇంకెంత ఉంటుందో చెప్పక్కర్లేదు. తేనెమైనం 62 డిగ్రీల దాకా ఆగుతుంది. కోర్ అంచున ఒక్క చుక్క, గాడిలో పడకుండా. గోళ్ల రంగు చుక్క కూడా పనికొస్తుంది.

వదులు కోర్‌ని అలాగే వదిలేసినా ముప్పే. బ్యాటరీ సెట్‌లో వాల్యూం పెంచగానే స్పీకర్ అదురుకి ఆసిలేటర్ (రేడియో లోపలే ఒక ఫ్రీక్వెన్సీని పుట్టించే భాగం) కోర్ వణికి సెట్ ఊళ పెడుతుంది. అది ఆడియో భాగం లోపం అనుకుని ట్రాన్సిస్టర్లు మార్చేసిన సెట్లు నా దగ్గరికి వచ్చాయి.

అపోహ: అన్ని రేడియోలకీ ఐ.ఎఫ్. 455, అన్ని కోర్లూ పీక్‌కి పెడితే అలైన్‌మెంట్ అయిపోయినట్టే.

పాత బ్రిటిష్ సెట్లలో 465, 470 కిలోహెర్ట్జ్ కూడా ఉన్నాయి. వెనక అట్ట మీద చీటీ చూడకుండా మొదలుపెట్టొద్దు. ఇక ఆసిలేటర్ కోర్‌ని శబ్దం చూసి తిప్పకూడదు, డయల్ చూసి తిప్పాలి. ఐ.ఎఫ్. 455 ఉన్న సెట్‌లో ఆసిలేటర్ స్టేషన్ కంటే ఆ 455 ఎక్కువలో మోగాలి. హైదరాబాద్ 738 దగ్గర వినపడాలంటే ఆసిలేటర్ 1193 దగ్గర, విజయవాడ 837కి 1292 దగ్గర మోగాలి. డయల్ కింది చివర, 600 ప్రాంతంలో, కోర్‌తో సరిచేస్తాం. పై చివర, 1400 ప్రాంతంలో, చిన్న సర్దుబాటు కండెన్సర్ అయిన ట్రిమ్మర్‌తో. గ్యాంగ్ (స్టేషన్ మార్చడానికి తిప్పే కండెన్సర్) పూర్తిగా మూసుకుని ఉన్నప్పుడు ట్రిమ్మర్ కెపాసిటీ అందులో నలుసంత, అక్కడ మాట చెల్లేది కోర్‌దే. గ్యాంగ్ తెరుచుకున్నాక ట్రిమ్మర్ పెద్దదవుతుంది. ఒకటి సరిచేస్తే రెండోది కాస్త జరుగుతుంది కాబట్టి మూడు నాలుగుసార్లు అటూ ఇటూ తిరగాలి.

అపోహ: వీ.ఎఫ్.ఓ.కి (ఫ్రీక్వెన్సీని మనం మార్చుకోగల ఆసిలేటర్‌కి) మర కోర్ ఉంటే సౌకర్యం.

సౌకర్యమే, స్థిరత్వం ఉండదు. ఫెర్రైట్ గుణం వేడికి మారుతుంది. ఇండక్టెన్స్ డిగ్రీకి పది లక్షల్లో 100 వంతులు మారిందనుకుంటే ఫ్రీక్వెన్సీ 50 వంతులు జరుగుతుంది. 7 మెగాహెర్ట్జ్ దగ్గర అది డిగ్రీకి 350 హెర్ట్జ్. హామ్‌లు మాట్లాడుకునే ఎస్.ఎస్.బి. పద్ధతిలో అవతలి వాళ్ల గొంతు గుర్తుపట్టలేం. ఎదురు దిశలో మారే పాలీస్టైరీన్ కండెన్సర్ పెట్టి కొంత సర్దొచ్చు. నేనైతే గాలి కాయిల్ చుట్టి, కోర్ పెట్టాల్సి వస్తే కొస మాత్రమే లోపలికి పోయేలా చుట్లు లెక్కవేస్తాను. హైదరాబాద్ హామ్ అష్హర్ ఫర్హాన్ రూపొందించిన బిట్ఎక్స్ అనే హామ్ సెట్లు కట్టినవాళ్లకి ఈ జరుగుడు బాగా తెలుసు. తర్వాతి కిట్లలో ఆ పని ఫ్రీక్వెన్సీని డిజిటల్‌గా పుట్టించే ఎస్.ఐ.5351 చిప్‌కి అప్పగించారు.

అపోహ: బిగుసుకున్న కోర్‌కి బలం కావాలి.

కావాల్సింది వేడి, ఓపిక. చాలాసార్లు పట్టుకున్నది పాత మైనమే. జుట్టు ఆరబెట్టే డ్రైయర్‌ని దూరంగా పట్టి రెండు మూడు నిమిషాలు వేడి చేయండి. ఇత్తడి కడ్డీ ఉంటే దాని చివర సోల్డరింగ్ ఐరన్ ఆనించండి. ముందు లోపలికి పావు చుట్టు, తర్వాత బయటికి పావు చుట్టు, అలా ఊపుతూ విడిపించాలి. గాడి చితికిపోయుంటే ఫార్మర్ అవతలి చివర నుంచి ప్రయత్నించండి, చాలా కోర్లకి రెండు వైపులా గాడి ఉంటుంది. ఆరు పలకల రంధ్రం ఉన్నవాటిలో టూల్ ఆరపార దూరుతుంది. విరిగి బయటికి వచ్చిన ముక్కని మాత్రం పారేయకుండా చిన్న డబ్బాలో వేసుకోండి. కొత్త కోర్ కొనడానికి వెళ్లినప్పుడు మర సరిపోయిందో లేదో చూసుకోవడానికి అదే నమూనా.